ఏట్లో వేసిన పొట్లం

పద్నాలుగు వేలు చెప్పిన యంత్రాన్ని ఏడున్నర వేలకు దించాను. మద్రాసులో ఇంకెవరైనా దించి ఉంటే వచ్చి నాతో చెప్పమనండి. మట్టిలో లోహం ఉంటే పసిగట్టి కూత పెట్టే మెటల్ డిటెక్టర్ అది, సెకండ్ హ్యాండ్. పాత సామాన్ల అంగడిలో గంటంబావు ముక్కాలిపీట మీద కూచున్నాను. రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను, రెండుసార్లూ అమ్మేవాడి చేత వెనక్కి పిలిపించుకున్నాను. చివర్లో చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు కూడా వద్దని, వాటి కింద ఐదు వందలు తగ్గించుకున్నాను. "కూత బయటికే వినిపిస్తుంటే చెవుల్లో దూర్చుకోవడం దేనికి?" అని అడిగింది నేనే.

ఈ యంత్రం అవసరం ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు పొట్లాల సంగతి చెప్పాలి.

మాది జార్జి టౌన్‌లో మిరియాలు, యాలకులు, జాజికాయలు అమ్మే కొట్టు. నాకు అక్షరాల కంటే ముందు పొట్లం కట్టడం వచ్చింది. మా నాయనకు ఒక నియమం ఉండేది: పైనుంచి చూస్తే లోపల సరుకేమిటో తెలియకూడదు. మా దగ్గర కొన్న మనిషి ఆ ఇరుకు సందులో తోపుడుబండ్ల మధ్య నడిచిపోతుంటే, చేతిలో ఉన్నది ఆవాలో కుంకుమపువ్వో జేబుదొంగకు అంతుబట్టకూడదు. అందుకని అన్నింటికీ ఒకే కొలత కాగితం, ఒకే మడత. సరుకు తక్కువైతే ఇంకో చుట్టు కాగితం వేసి లావు సమానం చేసేవాళ్ళం. ఆ విద్యలో మా ఇంట్లో నన్ను మించినవాడు లేడు. నేను కట్టిన రెండు పొట్లాలు పక్కపక్కన పెడితే కట్టిన నేను కూడా ఏది ఏదో చెప్పలేను. దీన్ని ఇన్నేళ్ళూ గొప్పగానే చెప్పుకున్నాను.

ఆడి నెల పద్దెనిమిదో రోజున ఆడవాళ్ళు ఏటికి పోయి మంగళసూత్రం పసుపుతాడు మార్చుకుంటారు, పాతతాడు నీళ్ళలో వదులుతారు. ముత్తాతల నాటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నాం గనక తమిళుల ఆచారం మాకూ అబ్బింది. ఈసారి నేనూ నా భార్యా మనలి దాటి కొసస్తలై ఏటి ఒడ్డుకు వెళ్ళాం. ఆమె ముందు పసుపుకొమ్ము కట్టిన కొత్తతాడు మెళ్ళో వేసుకుని, ఆ తర్వాత పాతతాడు తీసింది. దాని నుంచి రెండు బంగారు బొట్లూ విడదీసింది. ఒకటి మా ఇంటి తరఫున కట్టినది, ఒకటి వాళ్ళ పుట్టింటిది. దీపం వెలిగించాక వాటిని కొత్తతాడుకు ఎక్కించాలి. ఒడ్డున జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"ఇట్లియ్యి, ఈ తొక్కిసలాటలో కింద పడితే దొరకవు" అన్నాను నేను, తెలివిగా.

కొబ్బరికాయ చుట్టి తెచ్చిన కాగితం చించి బొట్లకొక పొట్లం, పాతతాడుకొక పొట్లం కట్టాను. దీపం వెలిగింది. ఆమె రెండు చేతులకూ పసుపుంది.

"తాడు పొట్లం ఇటియ్యండి, వదుల్తాను."

"నువ్వేస్తే ఒడ్డునే పడుద్ది, నేనేస్తా ఉండు."

చెయ్యి వెనక్కి లాగి బలంగా విసిరాను. చాలా దూరం పడింది. ఎవరైనా చూశారా అని పక్కకి కూడా చూశాను. నా భార్య రెండో పొట్లం విప్పింది.

"ఏమండీ, ఇదేంది, తాడు ఈడనే ఉండాదే?"

నేను పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాను. మోకాళ్ళ దాకా బురద, తొడల దాకా నీళ్ళు. పాదాలతో అరగంట తడిమాను. ఒక చెప్పు దొరికింది, నాది కాదు. ఒడ్డుకొచ్చి, ఓదార్పుగా ఉంటుందని, "ఒక్కోటీ నాలుగు గ్రాములు. అదే తూకంలో రేపే కొత్తవి చేయిస్తాలే" అన్నాను.

"మీది మీరు చేయించుకోండి" అంది ఆమె. "మా అమ్మ చేతి గాజులమ్మి చేయించింది నాది. ఆమె ఇప్పుడుందా మళ్ళా చేయించేదానికి? నాకు అది కావాల. అదొక్కటీ తెచ్చియ్యండి, చాలు."

ఇదంతా వింటూ ఒకామె దగ్గరికొచ్చింది. ఏట్లో జనం వేసే చిల్లర ఏరుకుని బతికే మనిషి, చంకలో వెడల్పాటి ఇనపతట్ట.

"అన్నా, మూడు వేలియ్యి. పొద్దుగూకేలోపు ఆటు వస్తది, నీళ్ళు తగ్గుతాయి. పడిన చోటు చూసినా గదా, ఆడి బురదంతా తీసి కడిగిపెడతా. కాయితం నానకముందే తియ్యాల. దొరక్కపోతే వెయ్యి చాలు."

"ఎనిమిది వందలు."

"ఎనిమిది వందలకి బురద కడుగుతా. బంగారం కడగాలంటే మూడు వేలు."

"పన్నెండు వందలు, ఆఖరు మాట."

నా భార్య నా భుజం గిల్లింది. "ఇచ్చేయండి, మీకు పుణ్యముంటుంది."

"నువ్వుండు. పది అడుగులేసి వెనక్కి తిరుగుద్ది, చూడు."

ఆమె పది అడుగులు వేసింది. ఇరవై వేసింది. తట్ట నెత్తిన పెట్టుకుని కట్ట దిగి కనిపించకుండా పోయింది. మూడు వేలకు లొంగడమా అన్న రోషంతోనే మర్నాడు పాత సామాన్ల అంగడికి వెళ్ళాను.

మొదటి ఆదివారం, ఆటు వేళ చూసుకుని దిగాను. యంత్రం మీట నొక్కగానే కీచుమంది. తవ్వితే మేకు. మళ్ళీ కీచుమంది, సీసా మూత. మళ్ళీ, మాత్రల రేకు. హెడ్‌ఫోన్లు లేవు గనక ప్రతి కూతా అవతలి ఒడ్డు దాకా వినపడింది. కూత విన్న ప్రతివాడూ వచ్చాడు. "ఎన్న సార్, బాంబా?" అని ఒకడు. "నిధి ఉండాదంట, మా తాత చెప్తా ఉండె" అని ఇంకొకాయన కట్ట మీద పైగుడ్డ పరుచుకుని స్థిరపడ్డాడు. నేను వంగినప్పుడల్లా వాళ్ళందరూ వంగేవాళ్ళు. సాయంత్రానికి పదకొండు మేకులు, రెండు పిన్నీసులు, తాళంచెవి లేని తాళం ఒకటి. ఇంటికి తెచ్చి పరిచాను. నా భార్య చూసి, "పాతినుప సామాన్ల కొట్టు పెడతా ఉండారా?" అంది. ఆమె మెళ్ళో పసుపుకొమ్ము ఒక్కటే ఉంది. నేను అటు చూడకుండా అన్నం తిన్నాను.

రెండో ఆదివారానికి ఉపాయం కనిపెట్టాను. యంత్రానికి చిన్న నాబ్ ఒకటుంది. తిప్పితే మేకులకూ మూతలకూ రేకులకూ కూత పెట్టడం మానేస్తుంది. దాన్ని చివరిదాకా తిప్పాను. ఎంత హాయి! పొలం దున్నినట్టు ఆ బురదంతా అటూ ఇటూ నడిచాను. యంత్రం నోరెత్తలేదు. కట్ట మీద జనం విసుగెత్తి లేచిపోయారు. ఈ తెలివి ముందే ఎందుకు రాలేదా అనుకున్నాను.

మూడో ఆదివారం నా భార్య తానూ వస్తానంది. నేను ఏమీ తవ్వకుండా గంటసేపు నడవడం కట్ట మీద నుంచి చూసింది. తర్వాత చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బురదలోకి వచ్చింది. చెవికున్న బంగారు దుద్దు తీసి నా కాళ్ళ ముందు పెట్టింది.

"దీని మీద పెట్టండి మీ మిషనుని."

పెట్టాను. కుయ్యి లేదు, కయ్యి లేదు. ఇంకొంచెం కిందికి దించాను. లేదు.

"బంగారం కళ్ళెదురుగా ఉన్నా అరవదేమండీ ఇది?"

అక్కడే నిలబడి అంగడివాడికి ఫోన్ చేశాను. వాడు నవ్వు ఆపుకుంటూ, పల్చటి బంగారమూ మాత్రల రేకూ దానికి ఒకటేననీ, రేకు వద్దన్నవాడికి బంగారమూ రాదనీ, హెడ్‌ఫోన్లు తీసుకున్నవాళ్ళకు ఇదంతా కూచోబెట్టి నేర్పిస్తాననీ చెప్పాడు. అంటే ఆ బొట్ల మీదుగా నేను ఎన్నిసార్లు నడిచానో. నడిచి, తొక్కి, ఇంకా లోపలికి దించానో.

నా భార్య దుద్దు తుడిచి పెట్టుకుంది. కట్టకి అవతల ఉన్న గుడిసెల వైపు నడిచి, తట్ట మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"ఏమన్నా, పన్నెండు వందల మిషనా ఇది?" అందామె.

నాబ్ మొదటికి తిప్పాను. యంత్రం మళ్ళీ కీచులాట మొదలుపెట్టింది. అది అరిచిన చోటల్లా ఆమె దోసిళ్ళతో బురద తట్టలోకి ఎత్తి, నీళ్ళలో గుండ్రంగా తిప్పి వంచేది. మేకు. మూత. రేకు. మేకు. పోటు మొదలై నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ఇంక చాలని నేను అనబోతుండగా ఆమె తట్ట తిప్పడం ఆపింది. నల్లటి ఇసక అంచున పచ్చగా ఒకటి.

నా భార్య వేలితో తీసి వెనక్కి తిప్పి చూసింది. వాళ్ళ కంసాలి వేసిన చిన్న చుక్క ఉంది. పుట్టింటిదే. పైటచెంగులో ముడివేసుకుంది. ముడి మీద ఇంకో ముడి వేసింది. పొట్లం కట్టనా అని నేను అడగలేదు.

రెండోదాని కోసం వెతికేలోపు నడుముల దాకా నీళ్ళొచ్చాయి. తట్ట మనిషి ఒడ్డెక్కి చెయ్యి చాపింది. "మూడు వేలన్నా."

రెండింట్లో ఒకటే కదా దొరికింది, లెక్క ప్రకారం సగం కదా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా భార్య నా వైపు చూసింది. మూడు వేలు లెక్కపెట్టి ఇచ్చాను.

ఇంక బిల్లు. యంత్రం ఏడు వేల ఐదు వందలు. బ్యాటరీలు ఆరు వందలు. పండగనాటిది కలిపి నాలుగుసార్లు ఆటో, రెండు వేల నాలుగు వందలు. తట్ట మనిషికి మూడు వేలు. యంత్రాన్ని అదే అంగడివాడికి తిరిగి అమ్మితే వచ్చినది రెండు వేల రెండు వందలు. వాడు రెండుసార్లు పీట మీద నుంచి లేచాడు, రెండుసార్లూ నేనే వెనక్కి పిలిచాను. మా ఇంటి తరఫు బొట్టు ఏట్లోనే ఉంది గనక కొత్తది చేయించాను, నాలుగు గ్రాములు, తరుగూ కూలీ కలిపి నలభై ఏడు వేలు. తరుగు కంసాలి అడిగినంతా ఇచ్చాను, నా భార్య పక్కనే కూచుంది. మొత్తం యాభై ఎనిమిది వేల మూడు వందలు. కాగితం నానకముందు, మొదటిరోజు సాయంత్రమే పని చేసిపెడతానన్న మనిషి అడిగింది మూడు వేలు.