సామ్రాజ్యం గొంతులో సన్నని ఈల

నల్లపాడు స్టేషన్లో సామాను దించుకుని రెండు ట్రక్కుల్లో బయల్దేరాం. అద్దంకి ఇంకా రాకముందే రోడ్డు తెగిపోయి ఉంది. గుండ్లకమ్మ పొంగి అటూ ఇటూ చేలను ముంచేసింది. పత్తికాయలు చెట్టు మీదే నల్లబడ్డాయి. మిరప తోటల్లో మొక్కల తలలు మాత్రం నీళ్లపైన కనిపిస్తున్నాయి. వాన ఆగలేదు. మెరక మీదున్న ఒక పత్తి జిన్నింగ్ మిల్లు షెడ్డు మాకిచ్చారు. గోడలకీ దూలాలకీ దూది నుసి పట్టి ఉంది. ఆక్సిజన్ సిలిండర్ల పక్కన దూది ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ముందు నీళ్లు చల్లి ఊడ్చాం. ఆ తర్వాతే ఆపరేషన్ బల్ల వేశాం.

అప్పుడు నేను సైన్యంలో కెప్టెన్ని, మత్తు డాక్టర్ని. మాది చీరాల, మగ్గాల ఇల్లు. వరద సాయానికి వచ్చిన మా వైద్య టీమ్‌లో తెలుగొచ్చింది నా ఒక్కదానికే. అందుకని జనంతో మాట్లాడే పని కూడా నా మీదే పడింది. మాలో మేం మాట్లాడుకున్నది హిందీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆర్డరు ఇదీ: ప్రాణం మీదికొస్తేనే ఆపరేషన్. మిగతావాళ్లకు కట్టు కట్టి, దారి తెరుచుకున్నాక ఒంగోలు పంపాలి.

ఒకరోజు ఉదయం పడవలో సామ్రాజ్యాన్ని తెచ్చారు. నలభై ఏళ్లుంటాయి. నానిన మట్టిగోడ ఆమె ఎడమ డొక్క మీద కూలిందని భర్త కోటేశ్వరరావు చెప్పాడు. మిరప రైతు. స్కాన్ పెట్టి చూస్తే కడుపులో రక్తం. ప్లీహం పగిలింది. బీపీ పడిపోతోంది.

"మత్తు ఇచ్చెయ్. వెంటనే తెరవాలి," అన్నాడు సర్జన్. ఆయన మేజర్, నాకు సీనియర్.

నేను ఆమె ముఖం చూశాను. ముక్కు దూలం మధ్యలో లోపలికి కుంగిపోయి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల. గొంతు బొంగురుపోలేదు, మాట స్పష్టంగానే ఉంది.

"ముక్కుకి ఏమైందమ్మా?"

"చిన్నప్పుడు బండి మీంచి పడిందండి," అన్నాడు భర్త.

"ఆ ఈల ఎప్పట్నుంచి?"

"మిరప ఘాటండి. కల్లంలో పని గదా." మళ్లీ అతనే.

నేనడిగింది ఆమెను. నేను అడిగినప్పుడల్లా ఆమె అతని వంక చూస్తోంది. నాకది నచ్చలేదు. సర్జన్‌ని పక్కకు పిలిచి చెప్పాను.

"ముక్కు పగలగొట్టింది వాడే అయితే, డొక్కలో దెబ్బ కూడా వాడిదే కావచ్చు. బయటికి పంపు," అన్నాడాయన.

జవాను వచ్చి కోటేశ్వరరావును షెడ్డు బయట నిలబెట్టాడు. నేను ఆమె చెవి దగ్గరికి వంగాను.

"ఆయన కొట్టాడా?"

"లేదమ్మా. ఆయన్నేమీ అనమాక." కాసేపు ఆయాసపడింది. "ముక్కు దానంతటదే కుంగింది. చెబితే మీరు ముట్టుకోరని చెప్పలా."

ఒక్కొక్కటిగా చెప్పింది. ఏళ్ల తరబడి ముక్కులో నెత్తురు చెక్కులు కట్టాయట. తర్వాత దూలం కూలింది. గర్భసంచి ఆపరేషన్‌కి ఒక ఆస్పత్రిలో మత్తిచ్చారు. శ్వాస కోసం గొంతులో వేసే గొట్టం దిగలేదు. చావు తప్పించి, ఆపరేషన్ చేయకుండానే పంపేశారు. ఆ సంగతి విన్న ఇంకో రెండు ఆస్పత్రులు ఆమెను చేర్చుకోలేదు.

అప్పుడు నా అనుమానం దారి మార్చుకుంది. ముక్కులోని మెత్తటి ఎముకను తినేసే అరుదైన జబ్బులు కొన్ని ఉన్నాయి. అవి స్వరపేటిక కింద శ్వాసనాళాన్ని కూడా ఇరుకు చేస్తాయి. మామూలు పద్ధతిలో నిద్రపుచ్చి, కండరాలు వదులు చేసే మందు ఇస్తే ఆమె సొంత ఊపిరి ఆగిపోతుంది. ఆ తర్వాత గొట్టం దిగకపోతే నా చేతిలో ఏమీ ఉండదు.

"మందులేమైనా వాడుతున్నావా?"

"చిన్న తెల్ల మాత్రలు. ఇంటితోపాటే పోయినయ్."

ఈ జబ్బులకిచ్చే స్టెరాయిడే అయి ఉండాలి. హఠాత్తుగా ఆపితే అదొక్కటే బీపీని పడగొట్టగలదు. వెంటనే అదే మందు ఇంజెక్షన్‌గా ఇచ్చి, రక్తం ఎక్కించడం మొదలుపెట్టాను. రేడియో ఆపరేటర్‌ని హెలికాప్టర్ అడగమన్నాను.

"మబ్బు బాగా కిందికుంది మేడమ్. ఇప్పట్లో ఎగరదంటున్నారు."

"ముందు గొంతు మొద్దుబార్చాలి. మెలకువలోనే గొట్టం వేస్తాను," అని సర్జన్‌తో అన్నాను.

"అందాకా రక్తం ఆగుతుందా?"

"తొందరపడితే ఊపిరి ఆగుతుంది సర్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను భయపడుతున్నానో, నాకు నిజంగా తెలుసో తేల్చుకోలేకపోయినట్టున్నాడు. చివరికి పెన్ను తీసి ఆమె మెడ మీద, బాగా కిందికి, ఒక గీత పెట్టాడు. "నీ గొట్టం దిగకపోతే నేను ఇక్కడ కోస్తా."

గుమ్మం దగ్గర కోటేశ్వరరావు అడ్డం నిలబడ్డాడు. "మీరూ వెనక్కి పంపేస్తారా?"

"పంపం."

"అక్కడా అట్టాగే అన్నారండి."

మందు ఆవిరి పట్టించి, గొంతులో స్ప్రే కొట్టాను. కుంగిన దూలం దగ్గర మాస్కు ఆనక ఆక్సిజన్ పక్కకు పోతోంటే తడి కట్టుగుడ్డ మడిచి ఆ గుంటలో కూరాను. ముక్కులోంచి గొట్టం వేసే ఆలోచనే చేయలేదు, తాకితే నెత్తురొస్తుంది. నా సహాయకుడు హవల్దార్ ఆమె చేయి పట్టుకున్నాడు. కెమెరా నోట్లోకి పెట్టాను. స్వరతంత్రులు చక్కగా తెరుచుకుంటున్నాయి. వాటి కిందే పాలిపోయిన కండ, మధ్యలో చిన్న కంత.

మొదటి గొట్టం ఆనుకుని ఆగిపోయింది. బయటికి తీశాను. ఆమె కాళ్లు కొట్టుకుంటోంది. సర్జన్ కత్తి అందుకున్నాడు.

"పిల్లల సైజు," అన్నాను.

హవల్దార్ అందించాడు. మెల్లగా తిప్పుతూ నెట్టాను. బిగుతుగా తగిలి, జారి దిగింది. తెర మీద ఊపిరి గీత లేచింది. అప్పుడు మాత్రమే నిద్రమందు ఇచ్చాను. నా నోటి నుంచి మాట రాకముందే సర్జన్ కడుపు తెరిచాడు.

ప్లీహం తీసేశాడు. రక్తం ఆగింది. గొట్టం తీసే గండం ఇంకా ఉంది. పూర్తి మెలకువ వచ్చాక, కూర్చోబెట్టి, సర్జన్‌ని పక్కనే ఉంచుకుని మధ్యాహ్నం తీశాను. ఈల మళ్లీ వినిపించింది, పొద్దుటి కంటే పెరగలేదు. నాకు కావలసింది అదే.

మర్నాడు మబ్బు విడిచింది. హెలికాప్టర్ దిగే మెట్ట దాకా ట్రక్కులో పంపాలి. "ఇక ఎక్కడికెళ్లినా గొంతు సంగతి ముందు చెప్పు," అన్నాను ఆమెతో.

"చూద్దాంలేమ్మా," అంది.

నీళ్లు తీశాక మేమూ సామాను సర్దుకుని నల్లపాడులో రైలెక్కాం. తర్వాత కొన్నాళ్లకు నేను సైన్యం వదిలి చీరాల వచ్చేశాను. ఇక్కడా మత్తు డాక్టర్నే. ఆ షెడ్డు, ఆ వాన జ్ఞాపకంలో చాలావరకు చెదిరిపోయాయి. ఒకటి మాత్రం పోలేదు. ఆ రోజు ట్రక్కు వెనక పలక మూసే ముందు, "ఊపిరి బాగానే ఆడుతోంది, ఇక ఫరవాలేదు" అని లోపల ఆమె పక్కన కూర్చున్న కోటేశ్వరరావుకి చెప్పాను. అతను తలూపలేదు. తన అరచేయి చాచి ఆమె నోటి ముందు పెట్టాడు. ట్రక్కు కదిలింది. బురదలో ఊగుతూ మలుపు తిరిగేదాకా చూశాను. ఆ చేయి అక్కడే ఉంది.