అంగుళమంత పెళ్ళికొడుకు

2009 జనవరి 24, శనివారం. లా పాజ్ నగరంలో తెల్లవారుజామున వడగళ్ళు పడి, తొమ్మిదింటికల్లా ఎండ కాసింది. తడిసిన రేకుల కప్పులు కళ్ళు జిగేలుమనిపిస్తున్నాయి. ఆ రోజు అలసీతాస్ సంత. గుప్పెడంత ఇళ్ళు, అగ్గిపెట్టెంత బస్సులు కొని, సరిగ్గా పన్నెండింటికి ధూపం పొగ పట్టిస్తే, ఏడాది తిరిగేలోగా సిరులిచ్చే ఎకేకో సామి వాటిని నిలువెత్తున ఇస్తాడని అక్కడివాళ్ళ నమ్మకం. నేనక్కడ మాస్టారుగా ఉన్న రోజులవి.

సంతను ఆనుకొని ఫొటోలు ప్రింటు తీసే బసీలియాకు ఆనాడు కావలసింది ఇల్లు కాదు, బస్సూ కాదు, బస్సు నడిపేవాడు. ఆ ఇలారియోన్ ఏళ్ళ తరబడి ఆమె కొట్టు ముందు మినీబస్సు ఆపి, ఊదారంగు మొక్కజొన్న జావ తాగి పోతున్నాడే తప్ప, మనసులోని మాట పైకి తేడు. ఇక తానే అడగాలని బసీలియా నిశ్చయించుకొన్నది. కార్నివాల్ పండుగలో చల్లుకొనే నురుగులో తడిసి ఇద్దరూ నవ్వుతున్న ఫొటోను గోడంత చేసి, పన్నెండింటి ట్రిప్పుకు అతడు వచ్చేలోగా వేలాడదీయాలని పథకం.

అది పాత ఫోనుతో తీసిన ఫొటో. అడ్డంగా మూడువందల ఇరవై చుక్కలు, అంటే పిక్సెళ్ళు, మాత్రమే. చుక్క అన్న మాటంటే నాకెంతో ప్రీతి. ఆకాశానికీ, ముగ్గుకూ, సిరాకూ తెలుగులో మనం ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకొన్నాం. బసీలియా మాత్రం ఉన్న చుక్కలను గోడంతటికీ సరిపెట్టబోయింది. కాగితాలన్నీ అతికించి వెనక్కి జరిగి చూసింది.

"ఏమే, ఇతను పెళ్ళికొడుకా, స్నానాలగది గోడా?" అన్నది వదిన ఫోర్చునాతా. "ముక్కొక పలక, మీసం రెండు పలకలు!"

"ఉండు వదినా, అంగుళానికి మూడువందల చుక్కలని కంప్యూటర్లో కొడతా."

కొట్టింది. కంప్యూటరు లేని చుక్కలను ఊహించి నింపింది. పలకలు పోయాయి, వాటితోపాటు ఇలారియోనూ పోయాడు. వెన్న పూసిన బంగాళాదుంప ఒకటి మిగిలింది.

"ఇతన్ని చేసుకోకు, ఉడకబెట్టుకో!"

బసీలియాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పన్నెండవుతోంది వదినా! ఏం చెయ్యను?"

"పిచ్చిదానా, ఎకేకో దగ్గరికి ఎవరైనా నిజం ఇల్లు మోసుకెళ్తారటే? చిన్నది చూపించి కదా పెద్దది అడుగుతాం!"

బసీలియా చటుక్కున గంతేసింది. "మూడువందల ఇరవైని మూడువందలతో భాగిస్తే... అంగుళం! అంగుళమంతైతే ఉన్న చుక్కలే సరిపోతాయే!"

మెరుపు కాగితంమీద అంగుళమంత బొమ్మ వచ్చింది. నురుగంటిన మీసంతో సహా ఇలారియోన్ స్పష్టంగా నవ్వుతున్నాడు. దాన్ని సంతలో కొన్న చిట్టి బస్సు అద్దానికి అంటించి ఆమె పరుగెత్తింది. ఆమె తలమీంచి జారిపడిన టోపీ పట్టుకొని వెనకాలే వదిన. వీధి మలుపులో పొగ వేసే ముసలాయన నిప్పులు ఊదుతున్నాడు. ఇలారియోన్ అప్పుడే బండి దిగాడు.

"ఏంటమ్మా అది? కనబడట్లేదు."

"దగ్గరికొచ్చి చూడవయ్యా."

వంగాడు. చాలలేదు, ఇంకా వంగాడు. ఇద్దరి నుదుళ్ళూ ఢీకొన్నాయి.

"ఇది మనమే కదూ?"

"మనమే. పెద్దది చేసుకుందామా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. గుడిగంటలు మొదలయ్యాయి. "నిలబడ్డావేం? పొగ పట్టించు, పన్నెండు దాటిపోతోంది!" అన్నాడు.

చాలా ఏళ్ళకు కొచబాంబా ఊరి నుంచి బసీలియా నాకు వ్రాసింది: "మాస్టారూ, ఇప్పటి ఫోను ఫొటోలు గోడంత తీసినా చెదరవు. మా గోడమీద మాత్రం ఆ అంగుళం బొమ్మే ఉంది. అది చూడాలంటే ఇద్దరం తలలు ఆనించాల్సిందే. మొన్న ఆయన కళ్ళజోడు కొన్నాడు. బొమ్మ చూసేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకుంటున్నాడు."