న్యాల్‌కల్ పోతున్నానని చెప్పి అడవికి పోయిన రోజు

మొన్న మా వీధి చివరి ల్యాబులో రక్తం తీసే అమ్మాయి "అమ్మా, పొద్దున ఏమన్న తిన్నరా?" అని అడిగింది. నెలనెలా అడిగే ప్రశ్నే. ఆ రోజు ఎందుకో, "తినలేదమ్మా" అంటూనే కుర్చీ చేయిని గట్టిగా పట్టుకున్నాను. సూదికి భయపడ్డాననుకుని ఆ పిల్ల నవ్వింది. భయం సూదిది కాదు. మూడేళ్ల కిందట, సీతాఫలాల కాలంలో, అడవిలో ఒంటరిగా నడిచిన ఒక రోజుది. ఆ రోజు ఇంకా నా ఒంట్లో ఎక్కడో ఉంది.

జహీరాబాద్ నుంచి కర్ణాటక వైపు పోయే దారిలో, గుట్టల కింద ఒక ఊరి బడిలో, నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పాను. రోజూ బస్సు ఒక మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి ఎర్రమట్టి బాట ఒకటి చెట్లలోకి పోతూ కనిపించేది. ఎక్కడికి పోతుందో తెలియదు. ఒకసారి కండక్టరును అడిగితే, "గుట్టెక్కి ఇంకో బాటల కలుస్తది మేడం, అది మల్లొక దాంట్ల కలుస్తది. అట్లట్ల పోయి అవతల కర్ణాటక రోడ్డు మీద తేలుతది. పొద్దుగాల ఎక్కితె పొద్దుమీకెవరకు దిగొచ్చు" అన్నాడు. టికెట్టు చింపి ఇస్తూ, "ఎలుగుబంట్లు ఉంటయంటరు, నేనైతె సూడలే" అని కూడా చేర్చాడు. ఉద్యోగం అయిపోనీ, ఒక రోజు నడుస్తాను అనుకున్నాను. మనుషులు ఇలాంటివి చాలా అనుకుంటారు. నేను మాత్రం అరవై నిండిన ఏడు నిజంగానే బయలుదేరాను.

మా అబ్బాయి షిఫ్టు డ్యూటీ మనిషి. ఇంటి పెత్తనం, నా షుగరు మాత్రల పెత్తనం అంతా కోడలిదే. అడవికి పోతానంటే గడప దాటనివ్వదు. అందుకని న్యాల్‌కల్ ఊళ్లో, నాతో పనిచేసిన టీచరమ్మ ఇంట్లో వ్రతం ఉందని చెప్పాను. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని కదా, ఎలా చెబితే దొరకదో బాగా తెలుసు. పిల్లలు వివరాలు ఎక్కువ చెప్పి దొరికిపోతారు. నేను వివరాలేమీ చెప్పలేదు. కోడలు మాత్ర మింగించి, "ప్రసాదం తీసుకరావుడు మర్చిపోకుండ్రి అత్తమ్మా" అని గేటు దాకా వచ్చింది. న్యాల్‌కల్ ఒక దిక్కు, నేను ఎక్కిన బస్సు ఇంకో దిక్కు.

బస్టాండులో రెండు ఇడ్లీలు తిన్నాను. గుడ్డసంచిలో రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, ఒక బిస్కెట్ పొట్లం, ఫోను. మొదటి మూడు గంటలు నేను ఎంత సంతోషంగా నడిచానో చెప్పినా ఎవరూ నమ్మరు. వానలు వెళ్లి ఎక్కువ రోజులు కాలేదు. బాట మీద ఎర్రమట్టి మెత్తగా ఉంది. అటూ ఇటూ సీతాఫలం చెట్లు, తడి ఆకుల వాసన, ఏదో పిట్ట ఒకే మాటను పదేపదే అడుగుతున్నట్టు కూత. చిన్నగా పాడుకున్నాను కూడా. ఇంట్లో పాడితే కుక్కర్ విజిల్‌తో పోటీ పడాలి.

ఒక వాగు దగ్గర సంచి రాయి మీద పెట్టి, సీసాలో నీళ్లు పట్టుకుని, ముఖం కడుక్కుని తల ఎత్తేసరికి సంచి లేదు. పైన కొమ్మ మీద పెద్ద కోతి ఒకటి నా రొట్టెను చుట్ట చుట్టి తింటోంది. ఇంకోటి సంచిని పట్టుకుని లోయ వైపు దూకింది. రాయి విసిరాను, అరిచాను, చివరికి బతిమాలాను. కోతులను మర్యాదగా బతిమాలుతున్న నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. వెనక్కి పోతే మూడు గంటలు, ముందుకు పోయినా మూడు గంటలే కదా అని ముందుకే నడిచాను. లెక్కల టీచరు చేసిన తప్పు ఇది. ఆ లెక్కలో నా ఒంటిని వేసుకోలేదు.

బాట రెండుగా చీలిన చోట కుడివైపుది పట్టుకున్నాను. కొంతదూరం పోయాక చేతులు వణకడం మొదలైంది. ఎండ లేకపోయినా చెమటలు ధారగా కారుతున్నాయి. షుగరు మాత్ర వేసుకున్న రోజు తిండి తప్పకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. షుగరు పెరిగితే దవాఖానకు రావడానికి టైముంటుంది, బాగా పడిపోతే టైముండదు అన్నాడాయన. చెట్లకు సీతాఫలాలున్నాయి, కానీ అన్నీ రాళ్లలా పచ్చివి. ఒకటి బండకు కొట్టి పగలగొట్టి నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారిపోయింది. ఉమ్మేశాను. బుర్ర పనిచేస్తోందో లేదో చూసుకుందామని పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. పదిహేడు, ముప్పై నాలుగు, యాభై ఒకటి, అరవై ఎనిమిది, ఎనభై ఐదు. తరవాత ఏమీ లేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్లీ ఎనభై ఐదు దగ్గరే ఆగింది. ముప్పై ఏళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే ఎక్కం అది. ఆ తరవాతి అంకె ఉండాల్సిన చోట నల్లగా ఖాళీగా ఉంది. కోతులకు భయపడలేదు, ఎలుగుబంటి మాటకు భయపడలేదు. ఆ ఖాళీకి మాత్రం భయపడ్డాను. నేను పోతున్నాను అనుకున్నాను. నిలబడలేక బాట మీదే కూలబడ్డాను.

వెనక పొదల్లో ఆకులు కదిలాయి. ఏదో బరువైనది, దమ్ము తీస్తూ దగ్గరికొస్తోంది. ఎలుగుబంటే అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

"ఏయ్, ఎవలు? తాగినవా ఏంది?"

కళ్లు తెరిస్తే నెత్తిన గంప, చేతిలో పండ్లు తెంపే కొంకి కట్టె, నాకంటే పదేళ్లు పెద్దదైన ముసలమ్మ. నాకు మాట తిరగలేదు. "షుగర్... షుగర్" అన్నాను. ఆమె గంప దించి నా మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. గంప అడుగు నుంచి పిట్టలు పొడిచిన సీతాఫలం పండొకటి తీసి చీల్చి నా నోట్లో పెట్టింది. అవి అమ్ముడుపోవట, తను తినడానికి ఏరుకున్నవట. చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టకూడదని వేలమంది పిల్లలకు చెప్పినదాన్ని, ఆ మట్టిచేతి వేళ్లు నాకేంత వరకు తిన్నాను. గింజలు కూడా మింగేశాను. "మెల్లగ బిడ్డా, ఎవలు గుంజుకపోరు" అంటూనే ఉంది. నాలుగో పండు దగ్గర చేతుల వణుకు తగ్గింది. లోపల్లోపల ఎనభై ఐదు, నూటరెండు అనుకున్నాను. ఏడుపొచ్చింది.

"నీతోటి ఎవలు రాలే?"

"ఒక్కదాన్నే వచ్చిన అవ్వా."

"ఇంట్ల ఎరికేనా?"

"న్యాల్‌కల్ పోతున్న అని చెప్పిన."

ఆమె గంపలో పండ్లు సర్దింది. "అంటె నువ్వు ఈడ సచ్చినా, మీవోల్లు నిన్ను న్యాల్‌కల్ల దేవులాడుతుండె."

అంత మామూలుగా అంది. ఒంట్లో చక్కెర తిరిగొచ్చాక కలిగిన ఆ భయం ముందటి భయం కంటే పెద్దది. కోడలు ఆ టీచరమ్మ ఇంటి ముందు నిలబడి, వ్రతమే లేదని తెలుసుకుని, వీధిలో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ తిరగడం కళ్లముందే కనిపించింది. అడవి వైపు ఎవరూ ఒక్కసారి కూడా తిరిగి చూసేవారు కాదు.

నేను పట్టుకున్నది తప్పు బాట అట. అది లోయలోకి దిగి ఆగిపోతుందట. ఆమె నన్ను ముందు నడిపించి, వెనక గంపతో వచ్చింది. సగం తెలుగు, సగం కన్నడంలో తిడుతూనే దారి చెప్పింది. కర్ణాటక రోడ్డు మీద జీపు ఆపి, డ్రైవరుతో "ఈమెను పడుకోనియ్యకు, మాట్లాడిపిచ్చుకుంట తీసుకపో" అంది. జీపు కదిలాక గుర్తొచ్చింది, ఆమె పేరు అడగలేదు. మరుసటి ఏడు హైవే మీద, చిరాగ్‌పల్లి దాకా, సీతాఫలాల గంపల దగ్గర ఒక్కొక్క ముఖం చూసుకుంటూ పోయాను. కనిపించలేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి కోడలు గేటు తీస్తూ, "ప్రసాదమేది?" అంది. అబద్ధం కొనసాగించడం ఎంతసేపని, గడప మీదే కూర్చుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ముందు నా వేలికి సూది గుచ్చి షుగరు చూసింది. తరవాత నా పక్కనే గడప మీద కూలబడింది.

"అడవికి పోతరా, గుట్టలెక్కుతరా, మీ ఇష్టం అత్తమ్మా. ఎక్కడున్నరో నాకొక్కదానికి ఎరికుండాలె. నాకు అమ్మ లేదు, మీకు ఎరికే కద" అంది.

ఆ రోజు నుంచి, పాలప్యాకెట్ తేవడానికి పోయినా ఆమెకు చెప్పే పోతున్నాను. ఆ బాట మళ్లీ ఎక్కలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒక్క పూటలా అయిపోయిందని అందరికీ చెబుతుంటాను, అది నిజమే. అడవిలో ఎనభై ఐదుకూ నూటరెండుకూ మధ్య గడిచిన ఆ కాస్త సమయం మాత్రం నాకు ఇంకా పూర్తిగా అయిపోలేదు.