గడ్డం పెట్టె మీది అక్షరాలు

మా ఆయన పోయారని తాడేపల్లిగూడెం ఆసుపత్రి నుంచి మా మరిది ఫోను చేస్తే నేను నమ్మలేదు. "ఎవరు మాట్లాడేది?" అని అడిగాను. "నేనే వదినా" అన్నాడు. గొంతు అతనిదిలా లేదు. "అయితే ఫోను మీ అన్నయ్యకివ్వు" అన్నాను. మోటారు వేసొస్తానని పొద్దున్నే చేలోకి వెళ్ళిన మనిషి గుండె ఆగి గట్టు మీద పడిపోయారంటే ఎలా నమ్మడం? కళ్ళతో చూడనిది నమ్మకపోవడం ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు నేర్పిన విద్యే. చూశాక నమ్మాను. నమ్మాక నా గొంతు పోయింది. ఈ మాటలన్నీ ఆ బొంగురు గొంతుతోనే చెబుతున్నాను.

కీర్తిశేషులైన వారి పేరు కొండలరావు గారు. ఆ పేరు నేను పలకలేదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు పద్మ రాస్తోంది, పేరు తనే వేసింది. పెద్దకర్మ నాడు పంచే పుస్తకానికి ఇది. మొదట "అజాతశత్రువు, సర్వజన విశ్వాసపాత్రుడు" అని రాసుకొచ్చింది. చదివించుకుని కొట్టించేశాను. ఆయన మా పెంటపాడు చుట్టుపక్కల పేరుపడ్డ అనుమానం మనిషి. అది దాచిపెట్టి రాస్తే అది ఆయన గురించి కాదు.

పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నన్ను ఒకసారి నడవమన్నారు, మళ్ళీ నడవమన్నారు. "కాళ్ళ కింద ఎత్తు ఏమైనా పెట్టారాండీ?" అని మా అమ్మని అడిగారు. మా నాన్న లేచి చెయ్యెత్తబోతే పెద్దలు ఆపారు. విత్తనాల బస్తా తెస్తే గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి, మొలక చూస్తే గానీ కొట్టువాడి మాట నమ్మేవారు కాదు. "చూస్తే పోయేదేముందే?" అనేవారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు వినబడేదో చెప్పలేను.

అలాంటి మనిషి చేతికి, కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది, ఆయన పెదనాన్న గారి గడ్డం పెట్టె వచ్చింది. పెదనాన్న చనిపోయారు, పిల్లల్లేరు. కొల్లేటి లంకలో ఒంటరిగా మిగిలిన దొడ్డమ్మ ఎవరిచేతో పంపింది. "బాగు చేయించుకుని వాడుకో నాయనా. మీ పెదనాన్న తన జీతంతో కొనుక్కున్నది" అని కబురు.

పైన తోలు అంటించిన చెక్కపెట్టె అది. లోపల నీలం మఖమలు మీద రేజరు, సబ్బు గిన్నె, వెంట్రుకలు సగం రాలిన బ్రష్షు, మచ్చలు పడ్డ చిన్న అద్దం. అన్నీ నల్లగా మసిబారి ఉన్నాయి. ఆయన దాన్ని చేత్తో ముట్టలేదు. తువ్వాలుతో పట్టుకుని అరుగు మీద పెట్టారు. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పెదనాన్న ఒకప్పుడు కాలవ బంగళాకి కాపలాదారు. అధికార్లు వచ్చి దిగే బంగళా. ఈ పెట్టె కొత్తగా కొనుక్కుని ఓ పెళ్ళిలో నలుగురికీ చూపించి మురిసిపోతుంటే, మా ఆయన మేనత్త, గణపవరం అత్త, గిన్నె తిరగేసి చూసింది. అడుగున మూడు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. రేజరు పిడి మీదా అవే. మా వైపు గిన్నె కొంటే ఇంట్లోకి రాకముందే పేరు చెక్కిస్తాం. శుభకార్యాలకి సామాను ఇల్లిల్లూ తిరుగుతుంది, ఎవరి పేరుంటే వాళ్ళది. అత్తకి ఇంగ్లీషు చదవడం రాదు, కానీ అవి మా ఇంటిపేరు అక్షరాలు కావని ఎవరో చెప్పారు. "అన్నయ్యా, నువ్వు కొన్నదైతే పరాయివాడి పేరెందుకుంది? బంగళాలో దిగిన ఏ దొరది కొట్టుకొచ్చావు?" అంది అత్త, పంక్తిలో అందరూ వింటుండగా. పెదనాన్న విస్తరి ముందు నుంచి లేచిపోయారట. మళ్ళీ మా వాళ్ళ గడప తొక్కలేదు. ఎవరూ పిలవనూ లేదు.

"ఎవరి సొత్తో కనుక్కుని వాళ్ళ వాళ్ళకిచ్చేస్తాను. దొంగసొమ్ము నా మొహానికి తగలకూడదు" అన్నారు మా ఆయన. అక్షరాలు తేటగా కనబడాలని చింతపండు, ఇటుక పొడి వేసి ఇత్తడి బిందె తోమినట్టు తోమారు. తెల్లటి పూత కాస్తా లేచిపోయి పసుపుపచ్చ ఇత్తడి బయటపడింది. "చూశావా? పైకొకటి, లోపలొకటి. ఇందులో ఏదో మోసముంది" అన్నారు. పూత పోగొట్టింది ఆయన చెయ్యే.

పరాయి వస్తువు పాడుచేసి ఇవ్వకూడదని ఏలూరులో పూత వేసే బాషాగారి కొట్టుకి తీసుకెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని.

"ఇక్కడ పెట్టి వెళ్ళండి, వచ్చే వారం రండి" అన్నారు బాషాగారు.

"నేనిక్కడే కూర్చుంటానండి."

"వారం రోజులా?"

"మార్చేస్తే?"

బాషాగారు నా వైపు చూశారు. "అమ్మా, ఇంట్లోనూ ఇంతేనాండీ?"

"ఇంట్లో ఇంకా ఎక్కువండీ" అన్నాను.

బాషాగారు పగలబడి నవ్వి గిన్నె తిరగేశారు. "ఇలాంటిదే ఉండి ఊరి నుంచి ఒకరు తెచ్చారండి. దాని మీదా ఇవే అక్షరాలు."

మా ఆయన మొహం మారింది. "అయితే ఆ దొర దగ్గర రెండు పెట్టెలుండేవన్నమాట. రెండోది వాళ్ళు కొట్టేశారు" అన్నారు. అటునుంచి అటే ఉండి బస్సెక్కించారు.

ఉండిలో ఆ పెట్టె గల పెద్దాయన మర్యాదగా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. పెట్టె తెచ్చి చూపించారు. అవే అక్షరాలు, అదే చోట.

"ఇది మీ పేరాండీ?"

"కాదండీ."

"మీ నాన్నగారిదా?"

"కాదండీ. ఆయన మద్రాసులో కొన్నారు."

"మరి పరాయి పేరున్న వస్తువు మీ ఇంట్లోకి ఎలా వచ్చిందండీ?"

"ఏవండీ, మా ఇంట్లో కూర్చుని మమ్మల్నే దొంగలంటారా?" అని పెద్దాయన లేచారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మళ్ళీ ఆయనే చల్లబడి పైకి చూపించారు. "ఆ తిరిగే ఫ్యాను మీద పేరుంది, చూశారా? ఆ పేరు గలవాడిదాండీ ఫ్యాను? అది చేసిన కంపెనీ గుర్తు. ఇదీ అంతేనండీ బాబూ."

మా ఆయన చాలాసేపు ఫ్యాను కేసే చూశారు. ఇంటికొచ్చాక కూడా ఆ ఒక్కరి మాట మీద ఆగలేదు. తెలిసినవాళ్ళని పట్టుకుని భీమవరంలో ఇంకో ఇంట్లో పాతపెట్టె ఉందంటే వెళ్ళి చూసొచ్చారు. అక్కడా అవే అక్షరాలు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, కంచం మీద చెక్కించిన తన పేరు వేలితో తడుముతూ, "పెదనాన్న దొంగ అనుకున్నది ఆ అక్షరాలు చూసే కదే. అవి కంపెనీవైతే ఇక మిగిలిందేముంది?" అన్నారు. అంతమంది చదువుకున్న చుట్టాల్లో ఒక్కరు కూడా వెళ్ళి చూడలేదు. చెడ్డమాటని కూడా చూడకుండా నమ్మనివారు ఆయనొక్కరే.

పూత వేయించిన పెట్టె చంకన పెట్టుకుని పడవ మీద లంకకి వెళ్ళాం. దొడ్డమ్మ గుమ్మంలో చేపలు ఎండబెడుతోంది.

"దొడ్డమ్మా, ఇది పెదనాన్న కొన్నదేనే" అన్నారు ఆయన.

ఆవిడ తలెత్తలేదు. "నాకు తెలీదా నాయనా? చెప్పవలసింది నాతోనా?"

ఆ మాట ఆయనకి సూదిలా దిగింది. అప్పటినుంచి ఆ పెళ్ళిలో భోంచేసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టారు. పెట్టె తెరిచి, వాళ్ళింటి ఫ్యాను మీది పేరు చూపించి, విషయం చెప్పి వచ్చేవారు. కొందరు కాఫీ ఇచ్చారు. కొందరు "ఇప్పుడవన్నీ ఎందుకయ్యా" అన్నారు. గణపవరం అత్త ఇల్లు మాత్రం మిగిలిపోయింది. రెండో పంట, దాళ్వా నాట్లు కాగానే వెళ్దామన్నారు. నాట్లు కాకుండానే వెళ్ళిపోయారు.

అందుకే ఇది రాయించాను. అత్తకి చూపు ఆనదు, ఎవరో చదివి వినిపించాలి. చదివేవాళ్ళు సరిగ్గా ఇక్కడికొచ్చి పేజీ తిప్పేస్తారని నాకు అనుమానం. కాబట్టి పెద్దకర్మ నాడు ఆవిడ పక్కన నేను కూర్చుంటాను, పద్మ పైకి చదువుతుంది. దొడ్డమ్మని కూడా పిలిచాను. ఆవిడ కూర్చునేది అదే పంక్తిలో.

ఆయన పెదనాన్న దొంగ కాదు. ఆ ముక్క చెప్పడానికి గడప గడపా ఎక్కిన మనిషి ఇవాళ మట్టిలో కలిసిపోయారు. చేతులు జోడించి దణ్ణం పెడుతున్నాను. అలాంటి మనిషి మా వంశంలో మళ్ళీ పుడతాడని ఎవరైనా నాకు ధైర్యం చెప్పబోతే, నేను నమ్మను.