బాసర కాడ బాపు బందు వెట్టిన బండి

ఆ రోజుల్లో మనిషికి ఇజ్జత్ నాలుగు చక్రాల మీద వస్తుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడది రెండు మోకాళ్ల మీద వస్తుందని తెలిసింది గానీ, ఇరవై ఐదేళ్ల వయసులో మోకాళ్లెవరు చూసుకుంటారు. అప్పట్లో నేను కరీంనగర్‌లో గది అద్దెకు తీసుకొని ఒక విత్తనాల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగేవాణ్ణి. మీసం వచ్చింది, జీతం వచ్చింది, అంగీ గుడ్డ ఎంచుకునే అధికారం మాత్రం రాలేదు. బాపు ఏటా దసరా ముందు బట్టల దుకాణానికి పోయి ఒకే తాను కొనేవాడు. అందులోంచి తనకు రెండు అంగీలు, నాకు రెండు, మిగిలిన ముక్కతో దిండు గలీబులు. పండుగ నాడు నేను, బాపు, మంచం మీది దిండు ఒకే రకం గీతలతో మెరిసేవాళ్లం. ఇంటికొచ్చిన చుట్టాలు మంచం మీద ఒరిగే ముందు ఏది దిండో, ఎవరు మేమో ఒకసారి తడిమి చూసుకునేవారు.

అందుకే బండి కొన్నాను. నా బతుకులో బాపును అడగకుండా కొన్న మొదటి వస్తువు అది. ఏడుగురు పట్టే డీజిల్ బండి, ఎత్తుగా, వెనక డోరుకు స్పేర్ టైరు తగిలించుకొని, దూరం నుంచి చూస్తే ఎమ్మెల్యే వస్తున్నాడేమో అనిపించేది. దగ్గరికొస్తే ఓడిపోయిన ఎమ్మెల్యే అని తెలిసేది. కాగితాల మీద నాకంటే ముందు ఇద్దరే ఓనర్లు, సీట్ల కింద దొరికిన దువ్వెనలు మాత్రం ఐదు. భైంసాలో ఒక పత్తి వ్యాపారి దగ్గర ఉందని చెప్పి తీసుకుపోయిన దళారి పావు తెలుగు, పావు మరాఠీ, సగం దక్కనీ, మొత్తం తేనె. "సాబ్, ఇంజన్ ఏక్‌దం మక్ఖన్. ఇల్లన్న అమ్ముత గని బండి అమ్మనన్నడు సేటు," అన్నాడు. మేం పోయేసరికి బండి ఇంటి ముందు ఏటవాలు మీద, ముక్కు కిందికి పెట్టి, అప్పటికే స్టార్టయి గుర్రుమంటోంది. నా కోసమే ముందుగా తయారు చేశారా అని మురిసిపోయి అడిగాను. "మీ అసొంటి పెద్దమన్షి వస్తుంటె బందు వెడ్తమా సాబ్," అన్నాడు. మరి గీ వాలు మీద ఎందుకు పెట్టిన్రంటే, తూర్పు మొఖం, వాస్తు అన్నాడు. నేను ఆ వాస్తుకు మనసులోనే మొక్కి సంతకం పెట్టాను.

వాస్తు రహస్యం మర్నాడు పొద్దున నా అద్దె గది ముందు, బల్లపరుపు నేల మీద బయటపడింది. తాళం తిప్పితే బండి, నిద్రలో ఒత్తిగిలిన ముసలాయనలాగా "ఊఁ" అని మళ్లీ పడుకుంది. సందులో అందరూ ఉస్తాద్ అని పిలిచే మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి, ముందు బండి వంక, తర్వాత నా వంక జాలిగా చూశాడు. "ఇంజన్ ఫస్టుగున్నది భాయ్. దాన్ని నిద్ర లేపే సెల్ఫే కమ్‌జోరున్నది. దీని సామాను హైదరాబాద్‌ల దొరకాలె, ఆడ దొరక్కపోతె అల్లా కాడ దొరకాలె. గప్పటిదాక ఒక్కటే దవా. వాలు చూసి ఆపు, వాలు లేకుంటె ఆపనే ఆపకు."

అప్పటినుంచి నాకు జిల్లా అంతా వాలులుగానే కనిపించసాగింది. వాలు మీద దుకాణమున్న డీలర్లకే ఆ ఏడాది విత్తనాలు బాగా అందాయి. లోతట్టులో ఉన్నవాళ్లు పాపం వానలకోసం ఎదురుచూసినట్టు నాకోసం ఎదురుచూశారు. నాకు సంబంధం చూస్తున్నామని నన్ను కన్న అవ్వ ఫోన్ చేస్తే, పిల్ల ఏం చదివిందని కాకుండా వాళ్లిల్లు మెరక మీదుందా అని అడిగాను. అయితే జగిత్యాల దగ్గర మా ఊళ్లో, మా ఇల్లు మిట్ట మీద ఉంది. అక్కడ బండి సర్రున దిగేది, దర్జాగా లేచేది. అంచేత దాని అసలు రోగం ఇంట్లో ఎవరికీ తెలియదు.

తెలిసిందల్లా దాని తాగుడు. డీజిల్ దానికి అన్నమైతే ఇంజనాయిలు పచ్చిపులుసు, ఒకటి పోస్తే రెండోది అడిగేది. వదిలే పొగకు మా వాడకట్టులో దోమల మందు కొట్టే బండొచ్చిందని కిటికీలు మూసుకున్నారు (మూయనివాళ్ల ఇళ్లల్లో ఆ వారం దోమలు లేవు, అది నేను చేసిన ప్రజాసేవ). బాపుకు కరెంటు మీద నమ్మకం లేక బావి దగ్గర అప్పటికీ ఆయిల్ ఇంజన్ ఉండేది. అందుకని డీజిల్‌ను ఆయన లీటర్లలో, రూపాయల్లో కొలవడు, వరి మళ్లలో కొలుస్తాడు. నేను కరీంనగర్ నుంచి రాగానే బండి చుట్టూ తిరిగి, "ఇయ్యాల ఆరు మళ్లు తాగొచ్చినట్టున్నది," అనేవాడు. ఒకసారి నేను ఊరికే హారన్ కొట్టినా, "గదానికి గూడ డీజిల్ అయితదా?" అని అడిగాడు.

ఆ మాఘంలో మా అక్క కొడుక్కి బాసరలో అక్షరాభ్యాసం అనుకున్నారు. బావ దుబాయ్‌లో ఉండి సెలవు దొరకలేదు. నా బండిలోనే పోదామని నేనన్నాను. బాపు అన్నం ముందు కూర్చుని చెయ్యి ఆపాడు. "మొన్న గంగాధర చౌరస్తల నలుగురు నీ బండిని తొయ్యంగ చూసిన్రట."

"అది వేరేటోళ్ల బండి బాపూ."

"బండి వేరేటోళ్లదే గావచ్చు, స్టీరింగు కాడ కూసున్న మొఖం మాత్రం నీదేనట." అవ్వ నవ్వు దాచుకోవడానికి చారు తెచ్చే నెపంతో లోపలికి పోయింది. బాపు అన్నం కలుపుతూ శర్తు పెట్టాడు. "సరే, నీ బండ్లనే పోదాం. బాసర పోయి ఇంటికొచ్చేదాక ఒక్కలన్న దిగి దానికి చెయ్యి వెట్టిన్రా, మల్ల అయితారం బండి అమ్ముడే. చెయ్యి వెట్టకుంట వస్తే, నీ యవ్వారంల నేను మల్ల నోరు తెరువ."

నోరు తెరవకపోవడం అంటే బండి ఒక్కటే కాదు. అంగీ గుడ్డ, నౌకరి, రేపు పెండ్లి, అన్నీ. ఓడిపోతే మళ్లీ దిండుతో సమానం. నేను ఒప్పుకున్నాను. ఆ ముందు రోజు ఉస్తాద్ దగ్గరికి పోతే, ఆయన ఇంజన్ మీద చెయ్యేసి దువా చేసినట్టు కళ్లు మూసుకొని, "ఇంట్ల లేపు, ఇంట్లకొచ్చి పండవెట్టు, నడిమిట్ల ఆపకు," అన్నాడు.

తెల్లవారాక మిట్ట మీద నుంచి సర్రున దిగి బయల్దేరాం. ముందు సీట్లో బాపు, వెనక అవ్వ. కోరుట్లలో అక్క, మేనల్లుడు, వాళ్లతో పాటు అక్క మామగారు ఎక్కారు. ఆయన బాపుకు వియ్యంకుడు, మా అందరి తప్పులకూ లెక్క పట్టే మనిషి. ఆ రోజు మల్లెపువ్వులాంటి తెల్లంగీ, గంజి పెట్టింది. గాలొస్తే అంగీ కదిలేది కాదు, మనిషే అందులో కదిలేవాడు. వాళ్లు ఎక్కుతున్నంత సేపూ నేను ఇంజన్ ఆపలేదు. మెట్‌పల్లిలో చాయ తాగినంత సేపూ ఆపలేదు. తర్వాత ఒక రైలు గేటు పడింది. లారీలు, బస్సులు అన్నీ ఇంజన్లు బందు పెట్టి చల్లగా నిలబడితే, మాదొక్కటే గేటు పగలగొట్టేలా గుర్రుమంటోంది. రైలు రాదు. బాపు అటు గేటు, ఇటు తాళంచెవి చూస్తున్నాడు. లోపల ఒక్కో మడి ఎండిపోతున్నట్టు ఆయన మొహం వాడిపోతోంది.

"బందు వెట్టకపోయినవా కొడుకా?"

"ఇంజన్ చల్లారితె పాడైతదని ఉస్తాద్ చెప్పిండు బాపూ."

వెనక నుంచి వియ్యంకుడు అందుకున్నాడు. "గట్లయితె మీ వాడు రాత్రి దానికి చద్దరు కప్పుతడా బావా?"

గేటు లేచేసరికి రెండు మళ్లు పోయాయని బాపు వేళ్ల మీద చూపించాడు.

బాసరలో వాలు కోసం మూడు చుట్లు తిరిగాను. చదువుల తల్లి సన్నిధిలో, ఎవరూ పడిపోకూడదని కాబోలు, నేలంతా సమంగా ఉంది. చివరికి గోదావరి ఒడ్డు వైపు, అద్దంలాంటి చదునులో, ఇంజన్ నడుస్తుండగానే నిలబెట్టాను. మీరు పోయి రండి, నేను బండి దగ్గరుంటానన్నాను. అక్క కస్సుమంది. "తండ్రి లేకపాయె, పలక బలపం తెచ్చేది మేనమామ, ఒళ్లె కూసోవెట్టుకునేది మేనమామ. బండికి కావలి కూసుంటవా, పోరనికి అక్షరం దిద్దిపిస్తవా?" అప్పుడు బాపే, "నువ్వు పో. నాతోని గా లైన్ల నిలబడుడు కాదు. అమ్మవారికి నేను తెలుసు," అని ముందు సీట్లో స్థిరంగా కూర్చున్నాడు. నేను ఆయన చెవిలో, "బాపూ, ఏది ముట్టినా ముట్టు గని తాళంచెవి ముట్టకు," అన్నాను. తలూపాడు.

గంటకు పైగా పట్టింది. మేనల్లుడు నా ఒళ్లో కూర్చుని, బియ్యంలో ఓంకారం దిద్దమంటే ముందు గుప్పెడు బియ్యం నోట్లో వేసుకొని, తర్వాత దిద్దాడు. పక్కవాళ్ల పలక మీద సున్నా కనిపిస్తే అదేందని అడిగి నేర్చుకున్నాడు. గుడి మెట్లు దిగుతుంటే నాకు గోదావరి గలగల వినబడింది, ఎక్కడో పిచ్చుక అరవడం కూడా వినబడింది. నా బండి నడుస్తుంటే ఆ చుట్టుపక్కల పిచ్చుక అరవడం వినబడే ఆస్కారమే లేదు.

బాపు బండి పక్కన నీడలో కూర్చుని, పొలం పారించి వచ్చిన వాడిలా తృప్తిగా ఉన్నాడు. "ఊకె కాలవట్టెరా. నా పానం ఒప్పలే. బందు వెట్టిన. తక్కువల తక్కువ మూడు మళ్లు మిగిలినయ్."

అందరూ ఎక్కారు. నేను తెలిసిన దేవుళ్లందరినీ, తెలియని ఇద్దరిని కూడా తలుచుకొని తాళం తిప్పాను. "ఊఁ." మళ్లీ తిప్పాను. ఈసారి ఆ ఊఁ కూడా లేదు. చెమటకు స్టీరింగు జారుతోంది. వెనక గంజి అంగీ ఫెళఫెళమంది, అంటే వియ్యంకుడు ముందుకు వంగాడు. "ఏంది బావా, మీ వాడు మమ్ములను దిగి తొయ్యుమంటడా ఏంది?"

బాపు నా వైపు తిరిగాడు. ఆయనకు ఆ ఒక్క చూపులో అంతా తెలిసిపోయింది. మా మిట్ట, గంగాధర చౌరస్తా, రైలు గేటు, తాళంచెవి. శర్తు ఆయన గెలిచాడు, ఒక్క మాటంటే చాలు. నేను నా అంగీ గీతలు చూసుకుంటూ ఆ మాట కోసం ఎదురుచూశాను.

"తొయ్యుడెందుకు బావా," అన్నాడు బాపు తాపీగా, డోరు తెరుస్తూ. "గింత దూరమొచ్చి గోదారి గాలి పీల్వకుంట పోతమా? జర దిగుదాం. గిట్ల బండికి వీపు ఆనిచ్చి నిలవడి చూస్తె మంచిగ కనవడ్తది." అని వెనక్కు పోయి, చేతులు కట్టుకొని, బండికి వీపు ఆనించి, గోదావరి వైపు భక్తిగా చూడసాగాడు. వియ్యంకుడు అనుమానంగానే పోయి స్పేర్ టైరుకు వీపు ఆనించాడు. అవ్వ, అక్క కూడా దిగి ఆనారు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన యాత్రికులు ఇద్దరు ఆగి "కాయ్ ఝాలా?" అని ఏమైందో అడిగితే, బాపు చేత్తో నదిని చూపించాడు. వాళ్లూ వచ్చి ఆనారు. ఆరు వీపులు, పన్నెండు కట్టుకున్న చేతులు. "ఇగ అందరు కాళ్లు గట్టిగ తన్నిపెట్టి ఊపిరి పీల్వుండ్రి," అన్నాడు బాపు.

గోదావరి పుట్టినప్పటినుంచీ దాన్ని అంత బలంగా ఎవరూ చూసి ఉండరు. బండి కదిలింది. రెండో గేరులో క్లచ్ వదిలాను. ఒక్క కుదుపు, ఒక్క దగ్గు, తర్వాత కాగజ్‌నగర్ పేపరు మిల్లు గొట్టం కూడా సిగ్గుపడేంత పొగ. పొగ తేలాక ఒక్కొక్కరుగా కనబడ్డారు. వియ్యంకుడి గంజి అంగీ వీపు మీద స్పేర్ టైరు మసి అచ్చుగుద్దినట్టు గుండ్రంగా దిగింది. మా మేనల్లుడు, అప్పుడే అమ్మవారి సన్నిధి నుంచి వచ్చినవాడు, వేలు పెట్టి చూపించి బతుకులో మొదటి చదువు చదివాడు. "తాతా, సున్నా."

కోరుట్ల వచ్చేదాకా వియ్యంకుడు సీటుకు వీపు ఆనించలేదు. అక్కడ దిగేటప్పుడు, "ఒక్కటడుగుత బావా. గిది తొయ్యుడు కాదా?" అన్నాడు.

"ఎవ్వలు చెయ్యి వెట్టలే గద," అన్నాడు బాపు. "బందు వెట్టింది నేను. పోరని తప్పేం లేదు."

మా మిట్ట మీద బండి పండబెట్టాక, బాపు దిగి నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూడకుండా, బండితో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "దసరాకు నా అంగీ గుడ్డ గూడ నువ్వే తే. జర చారలు సన్నగున్నయ్ చూడు."

ఆ బండి నా దగ్గర నాలుగేళ్లుంది, ఒక చెరువు ఆయకట్టంత డీజిల్ తాగింది. చివరికి ఒక ఇటుకబట్టీ ఆయనకు, చదును నేల మీద నిలబెట్టి, అన్ని రోగాలూ చెప్పి మరీ అమ్మాను. "ఫికర్ లేదన్నా, మా కాడ మందికి తక్కువ లేదు," అన్నాడాయన.

ఇప్పుడు నాది మీట నొక్కితే లేచే కారు. సిగ్నల్ దగ్గర ఆగితే డీజిల్ మిగలాలని ఇంజన్ తనంతట తానే ఆపుకుంటుంది, మళ్లీ తనే లేస్తుంది. మొన్న కరీంనగర్‌లో కళ్లడాక్టరు దగ్గరికి బాపును తీసుకుపోతున్నాను. ఒంటి మీద నేను తెచ్చిన సన్నచారల అంగీ. సిగ్నల్ పడింది, ఇంజన్ సప్పుడు ఆగిపోయింది. ఎనభై దాటిన బాపు ఉలిక్కిపడ్డాడు, మాట రాకముందే ఆయన చెయ్యి డోరు మీదికి పోయింది.

"దిగాల్నారా?"

"వద్దు బాపూ. అదే లేస్తది."

"గట్లనా," అని చెయ్యి తీసేశాడు గానీ, మొహంలో చిన్న నిరాశ. నేను నవ్వుకున్నాను. పచ్చలైటు పడ్డాక గానీ చూసుకోలేదు, అప్పటిదాకా నా కళ్లు కూడా ఆ రోడ్డు ఎటు వాలుందో వెతుకుతున్నాయి.