ఆమె చేయి ఎత్తినంత

మేస్త్రి ఏ గోడనైనా ఒక్కసారే కొలుస్తాడు. టేపు లాగుతాడు, అంకె చూస్తాడు, చెవిమీది పెన్సిలు తీసి గీత గీస్తాడు. వదిలిన టేపు సర్రున డబ్బీలోకి వెళ్ళిపోతుంది. ఇక ఆ కొలత మారదు. కూలీల్లో ఎవరైనా "ఇంకోసారి చూద్దామా మేస్త్రీ" అంటే, "గోడేమన్నా రాత్రికి రాత్రి పెరుగుతుందా?" అంటాడు. ముప్పై ఏళ్ళలో అతను పెట్టిన తలుపు పట్టలేదనిగానీ, కట్టిన మెట్టు తప్పిందనిగానీ ఒక్కరూ అనలేదు.

అతని కూతురికి ఇరవై ఆరేళ్ళు. పన్నెండో ఏట బడి ఆవరణలో పరిగెత్తుతూ పడింది. తర్వాత నడుస్తూ పడింది. ఆ తర్వాత నిలబడి ఉండగానే పడింది. కండల్లోంచి బలం, తడి నేలలోంచి నీళ్ళు ఇంకినట్టు, చప్పుడు లేకుండా ఇంకిపోయే జబ్బు అది. ఇరవయ్యో ఏట చక్రాల కుర్చీ వచ్చింది. ఆ ఏడాదే తల్లి పోయింది. అప్పట్నుంచీ కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని, ప్రెస్సువాళ్ళు పంపే కాగితాల్లో అచ్చుతప్పులు దిద్దుతోంది. ఎర్ర పెన్నుతో ఆమె పెట్టే గుర్తులు వాన చినుకులంత చిన్నవి.

తండ్రి పనికి వెళ్ళాక పగలు రెండుసార్లు పక్కింటావిడ వచ్చి ఆమెను చూసుకునేది. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. సంగతి తెలిసి మేస్త్రి అక్క బస్సెక్కి వచ్చింది. ఆమె వేరే ఊళ్ళో, నడవలేని వాళ్ళుండే ఆశ్రమంలో వంట చేస్తుంది.

"వేసవిలో మా దగ్గర కొత్త గదులు తెరుస్తున్నారు తమ్ముడూ. ఒక మంచం పట్టి ఉంచమని అడిగాను" అంది.

"నా కూతురికి మంచం నువ్వు పట్టాలా అక్కా?"

"రోషం తర్వాత. నువ్వు పొద్దున పోతే సాయంత్రం వస్తావు. ఈ లోపల దాని మంచీచెడ్డా ఈ గోడలు చూస్తాయా?"

"చూస్తాయి. చూసేలా కడతాను."

అక్క ఆ గోడల వైపు ఓసారి చూసింది. "సరే. వేసవికి వస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది ఒక్కతీ తన పనులు తాను చేసుకుందనుకో, నోరెత్తకుండా పోతా. లేదంటే నాతో పంపాలి. మాటిస్తావా?"

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను మాటిచ్చాడు.

ఆ ఆదివారమే కొలతలు తీశాడు. కూతురి కుర్చీని గోడకు ఆనించి నిలబెట్టి, "చెయ్యెత్తు. ఇంకా. ఆఁ, ఆపు" అన్నాడు. నాలుగడుగులు. పక్కకు చాపితే అడుగున్నర. మోకాళ్ళ ఎత్తు, మోచేతుల ఎత్తు, చక్రం నుంచి చక్రానికి వెడల్పు, కుర్చీ తిరగడానికి కావలసిన జాగా, అన్నీ వంటగది గోడమీదే రాసుకున్నాడు. టేపు డబ్బీలోకి వెళ్ళిపోయింది.

వారం పొడుగునా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు, ఆదివారం తన ఇల్లు. మొదట గడపలు పోయాయి. గునపం దెబ్బకు గది గదికీ మధ్య హద్దు చెరిగిపోయింది. తలుపుల పక్క గోడ కొట్టి వెడల్పు చేశాడు. ఇటుకపొడి పిండిలా లేచి ఆమె కాగితాలమీద, కనురెప్పలమీద వాలేది. ఎండ ఇంతకు ముందు రాని మూలల్లోకి వచ్చి, కొత్త చుట్టంలా మొహమాటంగా కూర్చునేది. ముందున్న మూడు మెట్ల చోట వాలు కట్టాడు. అడుగున్నర ఎత్తుకు జాగా చాలక, దాన్ని మధ్యలో ఒకసారి మలుపు తిప్పి మరీ కట్టాడు.

"కాంట్రాక్టరు గారూ, పని నత్తనడక నడుస్తోంది. ఇలాగైతే మిమ్మల్ని మార్చాల్సొస్తుంది" అనేది కూతురు.

"ఇంజనీరమ్మ గారు ఒక టీ ఇప్పిస్తే పని పరిగెత్తదూ?"

"పెట్టేదీ మీరే, తాగేదీ మీరే. మధ్యలో నామీద పడి ఏడుస్తారేం?"

అతను పెద్దగా నవ్వేవాడు. పలకలు అతుకుతూ రాగం తీసేవాడు. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా పాట వినపడలేదు.

చలికాలం మధ్యలో ఒకరోజు ఆమె జుట్టు పొట్టిగా కత్తిరించమంది. "బరువుగా ఉంది నాన్నా" అంది. అతను కత్తిరించాడు. తర్వాత ఎర్ర పెన్ను మానేసి, బరువు లేని స్కెచ్ పెన్ను తెప్పించుకుంది. నీళ్ళు గ్లాసుతో కాక గొట్టంతో తాగడం మొదలెట్టింది. అన్నం తినేటప్పుడు చేయి నోటి దాకా రావడం మాని, తల చేతి దాకా వంగడం మొదలైంది. గోడలో నూలుపోగంత వంపుంటే వీధిలోంచే పట్టేసే మనిషి, వీటిలో ఒక్కటీ పట్టలేదు. ఆదివారాలన్నీ అతని కళ్ళు గోడమీదే ఉన్నాయి.

వేసవికి ముందే ఇల్లు పూర్తయింది. బాత్రూము నేల గదితో సమానంగా ఉంది; ఇంట్లో ఏ నేలమీద పోసినా నీళ్ళు చెప్పినట్టు విని మూలకే పోతాయి. కమోడు పక్కన, ఆమె చేత్తో ఊతం తీసుకుని కుర్చీలోంచి జరగడానికి స్టీలు కడ్డీ ఉంది. స్విచ్చిబోర్డులన్నీ కిందికి దిగాయి. "నీ చెయ్యి నాలుగడుగులు అందుతుంది. వెసులుబాటుకి ఇంకో ఆరంగుళాలు తగ్గించే పెట్టా" అన్నాడు, బహుమతి ఇస్తున్నట్టు.

"బాగుంది నాన్నా" అంది ఆమె.

అన్న మాట ప్రకారం అక్క వచ్చింది. ఇల్లంతా తిరిగి, కడ్డీని గుంజి చూసి, "తమ్ముడూ, మా ఆశ్రమం కట్టినవాణ్ణి తీసుకొచ్చి నీ కాళ్ళమీద పడెయ్యాలి" అంది మనస్ఫూర్తిగా. మర్నాడు ఎనిమిదింటికి మేస్త్రి పనికి వెళ్ళాడు. అక్క వీధి చివర టైలరు కొట్లో కూర్చుంది. ఏడింటి దాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదని ఒప్పందం.

ఏడింటికి ఇద్దరూ కలిసే వచ్చారు. వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. ఇంట్లో దీపం లేదు.

"కరెంటు పోయిందా ఇంజనీరమ్మా?"

అతను చీకట్లోనే తడిమి స్విచ్చి వేశాడు. ఆమె సరిగ్గా ఆ బోర్డు కిందే కుర్చీలో ఉంది. పొట్టి జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. బట్టలు తడిసి ఉన్నాయి. కుర్చీ కింద నున్నటి కొత్త పలకలమీద నీళ్ళు, అతను నేర్పినట్టే, మూలకు పారి ఆగాయి. ఫోను ఒళ్ళోనే ఉంది.

"ఫోనుందిగా తల్లీ..." అంది మేనత్త.

"చేస్తే నాన్న పరిగెత్తుకొస్తాడుగా అత్తా. సాయంత్రంలోపు ఒక్కసారన్నా లేస్తుందేమో అని చూస్తూ ఉన్నా."

"ఏది లేస్తుందేమో?" అన్నాడు మేస్త్రి.

ఆమె చేయి ఎత్తింది. అది భుజం దాకా కూడా రాలేదు. మోచేయి కాస్త లేచింది, చేయి మళ్ళీ ఒళ్ళో పడింది. వేళ్ళకీ స్విచ్చికీ మధ్య రెండు జానల గోడ ఖాళీగా ఉంది.

"నేను కొలిచానుగా. ఇక్కడే, నిన్ను కూర్చోబెట్టే కొలిచానుగా!"

"కొలిచావు నాన్నా. పది నెలలైంది."

"మరి చెప్పవేం? ఒక్క మాట చెబితే..."

"చెబితే పగలగొడతావు. మళ్ళీ కడతావు. అది అయ్యేసరికి ఇంకో జాన దిగిపోతుంది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ప్రతి ఆదివారం చెబుదామనే అనుకున్నా. నువ్వు పాడుతుంటే నోరు రాలేదు."

మేస్త్రి అప్పటికే మూలనున్న సంచిలోంచి సుత్తి, ఉలి తీశాడు. "రేపు పనికి పోను. బోర్డులన్నీ దించేస్తా. ఎంతసేపు, ఒక పూట!"

"ఎంతకు దించుతావు?"

అతను బోర్డు వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు. టేపు జేబులోనే ఉంది. తీయలేకపోయాడు. అక్క అతని చేతిలోంచి ఉలి మెల్లగా లాక్కుని, "ముందు దాని బట్టలు మార్చనీరా" అంది.

నాలుగో రోజు ఆశ్రమం వ్యాను వచ్చింది. అక్క వెనక పట్టుకోగా కుర్చీ వాలుమీదుగా, మలుపు దగ్గర కూడా ఎక్కడా తగలకుండా, జారినట్టు దిగిపోయింది. అంత నున్నగా కట్టినందుకు మేస్త్రికి తన చేతులమీద అసహ్యమేసింది.

ఇప్పుడు ఆదివారాలు అతను ఆశ్రమానికి వెళుతున్నాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు బందులు ఊపి చూశాడు, కిటికీ చట్రం తట్టాడు, మంచం ఎత్తు కళ్ళతోనే కొలిచాడు.

"ఇక్కడ నీకు పనేం లేదు నాన్నా. ఊరికే కూర్చో."

ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు. చేతులు మోకాళ్ళమీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పక్క మంచాలమీద నుంచి ఎవరో దగ్గుతున్నారు. ప్రెస్సు కాగితాలు రావడం ఆగిపోయిందని, ఎవరైనా పేజీ తిప్పితే చదువుతున్నానని ఆమె చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు.

కాసేపటికి ఆమె, "నుదురు దురదగా ఉంది, కొంచెం గోకవా?" అంది.

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఇక్కడా?"

"ఇంకాస్త పైకి. కుడిపక్కకి. ఆఁ."

"నా చెయ్యి గరుకుగా ఉందేమో. తీసెయ్యనా?"

"వద్దు. ఉంచు" అని ఆమె కళ్ళు మూసుకుంది.