వైకుంఠం అన్న, ఎడమకు గుంజే కారు

మా లాల్‌దర్వాజా గల్లీలో అందరి తరఫునా భయపడటానికి ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు వైకుంఠం. మిగతా గల్లీల్లో ఎవరి భయం వాళ్లే పడాలి. మాకు ఆ కష్టం లేదు. ఉరిమితే ఆయన వణుకుతాడు, కరెంటు తీగ ఊగితే ఆయనకు చెమటలు పడతాయి, మేము మా పనులు చేసుకుంటాం.

ఆయన నోట్లో ఎప్పుడూ నానే మాట ఒక్కటే: "ఏమన్న అయితే?" ఇంట్లో సీలింగ్ ఫ్యాను నెత్తిన పడుతుందని పీకించి టేబుల్ ఫ్యాను కొన్నాడు. అదీ బల్ల మీది నుంచి పడుతుందని నేల మీద పెట్టాడు. నేల మీద ఉన్నది ఎక్కడ పడుతుందో తెలియదు గానీ, కిటికీ ఊచకు తాడేసి కూడా కట్టాడు. ఆయన భార్య ఆండాలు వదిన పొయ్యి మీద కుక్కర్ పెడితే ఆయన గల్లీలోకి వచ్చి నిలబడతాడు. లోపలి నుంచి వదిన కేకేస్తుంది.

"అయిపోయిందయ్యా, స్టవ్ బంద్ చేసిన. లోపలికి రా!"

"జర సల్లారనియ్యి ఆండాలూ. మూత తీయంగ ఏమన్న అయితే?"

ఇంతటి ధైర్యవంతుడు చేసే వ్యాపారం ఏమిటంటారా? ఫలక్‌నుమాలో తాళాల దుకాణం. ఒక తాళం కొందామని వెళ్లినవాడు ఆయనతో కాసేపు మాట్లాడి రెండు కొని, ఇంటికెళ్లి నిద్రపట్టక మూడోదానికి తిరిగొస్తాడు.

అయితే ఈ భయస్తుడికి ఒక విషయంలో మాత్రం మొహమాటం లేదు. గల్లీలో ఎవరు కారు కొన్నా, ఎవరి కారు రిపేరై వచ్చినా, మొదటి చక్కర్ కొట్టేటప్పుడు డ్రైవర్ పక్కన ముందు సీట్లో ఆయనే. పిలవనక్కర్లేదు. తలుపు తీసుకుని కూర్చుంటాడు. కూర్చున్నాక కిటికీ పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని వేలాడతాడు, కాలితో లేని బ్రేకు తొక్కుతాడు. "పైసా ఖర్చు లేని ఫుకట్ సవారి అంటే భయం గూడ బందయితది ఈయనకు" అని గల్లీ అంతా నవ్వుకునేది. నేను ఇంకొంచెం గట్టిగా నవ్వేదాన్ని.

నా పేరు యశోద. పాల కేంద్రం నడుపుతాను. తెల్లారకముందే గేదెలతో, పాల డబ్బాలతో, అరువు అడిగేవాళ్లతో కొట్లాడే ఆడదాన్ని కాబట్టి నాకు భయం లేదని గల్లీలో పేరు. నా బిడ్డ స్వీటీకి విమానాశ్రయంలో సరుకుల విభాగంలో ఉద్యోగం వచ్చేదాకా నేనూ అదే అనుకున్నాను.

డ్యూటీ పొద్దున ఆరింటికి. కంపెనీ బస్సు పాతబస్తీలోకి రాదు. సొంత బండి ఉంటేనే ఉద్యోగం నిలుస్తుంది. మా ఆయన కృష్ణయ్య ఉన్నదీ లేనిదీ ఊడ్చి తెల్ల రంగు చిన్న కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. స్వీటీ డ్రైవింగ్ నేర్చుకుంది. సోమవారం నుంచి చీకట్లో లేచి చాంద్రాయణగుట్ట దాటి, లారీల మధ్యన ఒక్కతే పోవాలి. ఆ మాట తలుచుకుంటే నేను పాల లెక్క తప్పేదాన్ని. పైకి మాత్రం, "ఎందుకు భయం? అందరు పోతలేరా?" అనేదాన్ని.

శనివారం పొద్దున మహంకాళి గుడి ముందు కారుకు పూజ చేయించాం. పంతులుగారు పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టమన్నారు. చక్రాల కింద అవి నలిగితే దిష్టి పోతుంది. పెట్టే పని వైకుంఠం అన్న తీసుకున్నాడు. మూడు చక్రాల కింద నిమ్మకాయలే పెట్టాడు. ముందు ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు అలవాటైన ఆలోచన వచ్చింది. ఆడపిల్ల, హైవే, లారీలు, ఇంతింత నిమ్మకాయ ఏం ఆపుతుంది? ఎవరికీ చెప్పకుండా అక్కడ పీచు తీసిన కొబ్బరికాయ పెట్టాడు.

"నడుపమ్మా" అన్నారు పంతులుగారు.

కారు కదల్లేదు. స్వీటీ ఇంకొంచెం తొక్కింది. కదల్లేదు. అది గట్టిగా తొక్కింది. చక్రం కొబ్బరికాయ ఎక్కింది, కొబ్బరికాయ వెనక్కి తన్నుకుంది, కారు ఎగిరి మురుగు మోరి పక్కనున్న బండరాయికి ధన్‌మని గుద్దుకుంది. కొబ్బరికాయ దొర్లుకుంటూ పోయి గుడి మెట్ల దగ్గర ఆగింది. దానికి గీత కూడా పడలేదు.

అప్పటి నుంచి కారు ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే బండి మోరి వైపు పోతుంది. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగ్ వంకరగా పట్టుకోవాలి. గల్లీ చివరిదాకా వెళ్లి వచ్చేసరికి స్వీటీ ముఖం తెల్లగా పాలిపోయింది.

"అమ్మా, నాకు భయమైతున్నదే. సోమవారం పోను" అంది.

దాని కంటే ఎక్కువ భయం నాకు. "ఊకో, మెషీన్‌కు ఏం తెల్సు, బాగు చేయిస్తే అదే సక్కగయితది" అన్నాను. వైకుంఠం అన్న మాత్రం కారు పక్కన గొంతుక్కూర్చుని, చచ్చిన కోడిని చూసినట్టు ఆ చక్రాన్ని చూస్తున్నాడు.

మెయిన్ రోడ్డు మీద అద్దాల గోడల కార్ల రిపేరు దుకాణం ఒకటి కనిపిస్తే అక్కడికే తీసుకెళ్లాం. 'వీల్ అలైన్‌మెంట్ రెండు వందలు మాత్రమే' అని గోడంత బోర్డు. నల్ల టీషర్టు కుర్రవాడు కారు కింద టార్చి వేసి చూసి, ఆసుపత్రిలో డాక్టరులా తల ఊపాడు.

"మేడమ్, లోయర్ ఆర్మ్ పోయింది. బాల్ జాయింట్లు పోయినయి. హైవే మీద చక్రం ఊడిపోయినా ఊడిపోవచ్చు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎంతయితది నాయనా?"

"పదిహేను వేలు. మీ కోసం పద్నాలుగున్నర."

భయపడ్డవాళ్లు బేరమాడరు. నా చెయ్యి అప్పుడే ఫోను కోసం సంచీలోకి పోయింది. కృష్ణయ్యకు చెప్పి డబ్బు తెప్పించేదాన్నే. అంతలో వైకుంఠం అన్న ముందుకు వచ్చాడు.

"కొత్తది ఏస్తవు. గా కొత్తది గూడ పోయి ఏమన్న అయితే?"

"వారంటీ ఉంది అంకుల్."

"వారంటీ కాయితమొచ్చి చక్రం పట్టుకుంటదా? పాతది పోయిందని నాకెట్ల ఎరుక? చూపియ్యి."

కుర్రవాడు కారు పైకి లేపి చక్రం పట్టుకుని ఊపాడు. కదల్లేదు. పళ్లు బిగించి ఊపాడు. కారు ఊగింది గానీ చక్రం ఊగలేదు.

"ఊగుతలేదేంది?"

"లోపల పోయింది అంకుల్."

"లోపల చూపియ్యి."

"ఇప్పాలె."

"ఇప్పినంక పోలేదని తెలిస్తే? మల్ల బిగిస్తవు. బిగియ్యంగ ఒక బోల్టు మర్చిపోతవు. పిల్ల హైవే మీదికి పోతది. ఏమన్న అయితే?"

"ఏం కాదు అంకుల్..."

"కాదని రాసిస్తవా?"

ఇలా అరగంట. పాపం ఆ కుర్రవాడు మమ్మల్ని భయపెట్టబోయాడు గానీ, భయంలో పండిపోయిన మనిషి ఎదురవుతాడని అనుకోలేదు. చివరికి కారు కిందికి దించి, చేతులు జోడించి, "మీరు ఇంకెక్కడన్నా చూపించుకోండి" అన్నాడు. బోర్డు మీది రెండు వందలు కూడా అడగలేదు.

మర్నాడు ఆదివారం ఫలక్‌నుమాలో మెకానిక్ జాఫర్ భాయ్ దగ్గరికి వెళ్లాం. ఆయన దుకాణం వైకుంఠం అన్న తాళాల దుకాణానికి ఎదురుగానే. మేము వస్తుంటే చూసి జాఫర్ భాయ్ షట్టర్ సగం కిందికి లాగేశాడు.

"అరే వైకుంఠం భాయ్, ఇయ్యాల ఛుట్టీ, దుకాణం బంద్!"

"బిడ్డ బండి భాయ్. నా చేతులతోనే నాశనం చేసిన."

ఆ మాటకు జాఫర్ భాయ్ షట్టర్ పైకి ఎత్తాడు. ముందు మెషీన్ జోలికి పోలేదు. టైర్లలో గాలి చూశాడు. ఎడమ ముందు చక్రంలో గాలి తక్కువుంది. "గాలి తక్కువున్నా బండి గుంజుతది యశోదా ఆపా. మొదలు గాలి, తర్వాత మెషీన్" అన్నాడు. గాలి నింపి, చక్రాలూ జాయింట్లూ ఊపి చూసి, అన్నీ గట్టిగా ఉన్నాయన్నాడు. అప్పుడు నాలుగు చక్రాలకూ పట్టీలు బిగించి మెషీన్ తెర వెలిగించాడు. ఒక అంకె ఎర్రగా వచ్చింది.

ఎర్రరంగు చూడగానే నేనూ, వైకుంఠం అన్నా ఒకేసారి వెనక్కి జరిగాం.

"ఇదేంది భాయ్, రక్తం తీరు?" అన్నాను.

"ఏం లేదాపా. మనం నడిచేటప్పుడు రెండు పాదాలు ముందుకు సూడాలె గద? ఒక పాదం పక్కకు సూస్తే నడక వంకరైతది, చెప్పు ఒక దిక్కే అరుగుతది. రాయికి తగిలి గీ చక్రం పక్కకు తిరిగింది. సక్కగ తిప్పుడే అలైన్‌మెంట్."

కారు కిందికి దిగి ఏదో తిప్పాడు. అంకె పచ్చగా మారింది. స్టీరింగ్ తిన్నగా నిలబడింది.

"ఐదు వందలు. గింత బండికి నాలుగు నుంచి ఆరు నడుస్తున్నది. మరీ తక్కువ రాసినా అనుమానపడు, మరీ ఎక్కువ చెప్పినా అనుమానపడు."

"బ్యాలెన్సింగ్ గూడ చెయ్యి భాయ్" అన్నాడు వైకుంఠం అన్న.

"బేటీ, స్పీడ్‌ల స్టీరింగ్ వణుకుతదా?"

"లేదు చాచా" అంది స్వీటీ.

"మరి అక్కర్లే. గుంజితే అలైన్‌మెంట్, వణికితే బ్యాలెన్సింగ్."

"నేను వణుకుతున్న గద?"

"నీకు జేసే మెషీన్ ఇంకా రాలేదు భాయ్" అన్నాడు జాఫర్.

ఇక బండి నడిపి చూసి రావాలి. స్వీటీ స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను దాని పక్కన కూర్చుందామని తలుపు తీస్తే, అప్పటికే దాని మీద వైకుంఠం అన్న చెయ్యి పడింది.

"యశోదా, నువ్వు ఎనక కూసో."

"నా బిడ్డ పక్కన నేను కూసుంట. ఇయ్యాల గూడ నీకు ఫుకట్ సవారి కావాల్నా అన్నా?"

"ఎనక కూసో అంటున్న గద!"

ఆయన నాతో అలా గట్టిగా మాట్లాడటం అదే మొదలు. గొణుక్కుంటూ వెనక్కి వెళ్లాను. కారు బయలుదేరింది. ఆయన యథాప్రకారం పిడికి వేలాడాడు, లేని బ్రేకు తొక్కాడు, బస్సు పక్కనుంచి పోతే "అమ్మా మహంకాళీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గంత భయమున్నోనివి ముందల ఎందుకు కూసున్నవన్నా? ఎనక ఉంటే పానం పోతదా?"

ఆయన తల తిప్పలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి చెప్పాడు.

"ఎడమకు గుంజే బండి ఏమన్న అయితే ఎడమ దిక్కే తగుల్తది చెల్లె. బాగైందో లేదో ఎరుకలేని బండిల, గా సీట్ల తల్లులను, పిల్లలను ఎట్ల కూసోబెడ్తం?"

గల్లీలో ఎన్ని కార్లు, ఎన్ని రిపేర్లు, ఎన్ని మొదటి చక్కర్లు! అన్నిటికీ ఈ పిరికి మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ సీట్లో కూర్చుని వచ్చాడు. మేమేమో నవ్వాం. ముందు సీట్లో ఆయన చెమటకు తడిసిన మెడ చూస్తుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి. కారు మాత్రం గీత గీసినట్టు తిన్నగా పోతూ ఉంది.

సోమవారం తెల్లవారకముందే స్వీటీ తయారైంది. కారులో కూర్చుంది, తాళంచెవి పెట్టింది, కానీ తిప్పలేదు. చేతులు వణుకుతున్నాయి. బండిలో ఏ లోపమూ లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం భయం పోతుందా? "అమ్మా, నాతోని కాదే" అంది. నేను ధైర్యం చెబుదామని నోరు తెరిస్తే, పోవద్దులే బిడ్డా, ఉద్యోగం లేకపోతే లేకపాయె అని నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు ఎడమ తలుపు తెరుచుకుంది. వైకుంఠం అన్న! నెత్తిన స్కూటర్ హెల్మెట్, మెడకు మఫ్లర్. కూర్చుని బెల్టు పెట్టుకోబోయాడు. చేతులు వణికి అది గాడిలో పడలేదు. ఇంకోసారి పెట్టాడు. పడలేదు. పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి.

స్వీటీ ఆయన వంక చూసింది. "మామా, కారుల హెల్మెట్ ఏంది?" అంటూ ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆయన బెల్టు తానే పెట్టింది. అప్పుడు చూశాను, దాని చేతులు వణకడం లేదు. అంత భయం పక్కన కూర్చుంటే మన భయానికి చోటెక్కడ ఉంటుంది?

తాళంచెవి తిరిగింది. కారు గల్లీ దాటి వెళ్లిపోయింది.

వైకుంఠం అన్న విమానాశ్రయం దగ్గర దిగి, బస్సులు మారి, తొమ్మిది గంటలకు తిరిగి వచ్చాడు. స్వీటీ చేరానని ఫోను చేసినా నాకు ఆయన నోట వినాలని ఉంది. చాయ్ ఇచ్చి అడిగాను.

"అన్నా, బిడ్డ ఎట్ల నడిపింది? లారీలొచ్చినయా? స్పీడ్ పోయిందా?"

ఆయన చాయ్ ఊదుకుంటూ నా వంక ఆశ్చర్యంగా చూశాడు.

"నాకేమెరుక చెల్లె? ఎక్కినప్పటిసంది కండ్లు మూసుకునే ఉన్న. అవునూ, రేపు గూడ గింత పొద్దుగాలనేనా?"